ఎన్ని మోడెమ్‌లు కలిస్తే ఒక ఎస్‌టీఎమ్-1?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఒకప్పుడు టెలిఫోన్ తీగ మీద మన ఇళ్లకు ఇంటర్నెట్‌ను తెచ్చిన డయల్-అప్ మోడెమ్ వేగాన్ని, నేడు ఆప్టికల్ ఫైబర్ మీద నడిచే వ్యవస్థల కొలమానంలోకి ఎలా మార్చాలన్నదే ఆ విషయం. ఆ కొలమానంలో ఒక ప్రామాణిక మెట్టు పేరే ఎస్‌టీఎమ్-1. చాలా ఏళ్లు ట్రాన్స్‌మిషన్ గదుల్లో పనిచేసినవాణ్ని కనుక ఈ ప్రశ్న అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. అందువల్ల మిగతా ఉత్తరాలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: పాతికేళ్ల కిందట సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీలో కొన్న మోడెమ్ ఒకటి మొన్న అటక సర్దుతుంటే బయటపడింది. దాని మీద 56కె అని ఉంది. మా అమ్మాయి ఫైబర్ నెట్‌వర్క్‌ల మీద పనిచేసే ఉద్యోగంలో ఉంది. ఎస్‌టీఎమ్-1 అంటే సెకనుకు 155.52 మెగాబిట్లు అని తను చెబితే, నేను దాన్ని 56 కిలోబిట్లతో భాగించి 2777.14 మోడెమ్‌లు అని తేల్చాను. అమ్మాయి మాత్రం “1890 నాన్నా, అంతకు మించి ఎక్కవు” అంటోంది. మా ఇద్దరిలో ఎవరి లెక్క సరైనది? ఆ 0.14 మోడెమ్‌కు అర్థం ఏమిటి?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, మల్కాజిగిరి

జవాబు: మీ భాగహారంలో తప్పు లేదు, మీ అమ్మాయి మాటలోనూ తప్పు లేదు. మీరు రెండు సంఖ్యల నిష్పత్తి చెప్పారు, తను ఎస్‌టీఎమ్-1లోకి నిజంగా ఎన్ని ఫోన్ కాల్స్ ఎక్కుతాయో చెప్పింది. ఈ రెండింటి మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూడటంలోనే ఈ లెక్క సారమంతా ఉంది కనుక, కాస్త తీరికగా చెబుతాను.

ముందు మీ లెక్క. మోడెమ్ మీద ఉన్న ‘కె’ అంటే సరిగ్గా వెయ్యి. ఎస్‌టీఎమ్-1 వేగం సెకనుకు 15,55,20,000 బిట్లు. దీన్ని 56,000తో భాగిస్తే 2777.142857 వస్తుంది, ఆపైన 142857 అన్న అంకెలే మళ్లీ మళ్లీ వస్తూ పోతాయి. ఏదైనా సంఖ్యను 7తో భాగించినప్పుడు నిశ్శేషంగా పోకపోతే కనిపించే అంకెలివి. ఎస్‌టీఎమ్-1 వేగాన్ని కారణాంకాలుగా విడదీస్తే 2, 3, 5 తప్ప మరేమీ ఉండవు, 56,000లో మాత్రం ఒక 7 ఉంది. అంతకు ముందు తరం మోడెమ్‌లతో ఇదే లెక్క చేసి చూడండి. 28.8 కిలోబిట్ల మోడెమ్‌లైతే సరిగ్గా 5,400, 14.4 కిలోబిట్లవి అయితే 10,800, 9.6 కిలోబిట్లవి అయితే 16,200. ఎక్కడా శేషం లేదు. 33.6 దగ్గర మళ్లీ 4628.571428 అని చిక్కు వస్తుంది, ఎందుకంటే అందులోనూ 7 దాగి ఉంది. కనుక మీరు అడిగిన 0.14 మోడెమ్‌కు విడిగా అర్థమేమీ లేదు, అది ఆ 7 మిగిల్చిన జాడ మాత్రమే.

అయితే 56లోకి 7 ఎలా వచ్చిందన్నది చాలా మంచి ప్రశ్న. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి మన గొంతును అంకెలుగా మార్చేటప్పుడు సెకనుకు 8,000 సార్లు దాని మట్టాన్ని కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లుగా రాసుకుంటుంది. 8,000ను 8తో గుణిస్తే సెకనుకు 64,000 బిట్లు. ఒక ఫోన్ సంభాషణకు ప్రపంచమంతటా ఇచ్చే చోటు ఇదే. 56కె మోడెమ్ ఈ కొలతల మీదనే స్వారీ చేసింది. ఇంటర్నెట్ సంస్థ వైపు పరికరం ఎక్స్‌ఛేంజికి నేరుగా డిజిటల్ లైనుతో కలిసి ఉంటుంది కనుక, సెకనుకు 8,000 మట్టాలను తాను కోరుకున్నట్లుగా పంపగలదు, మన ఇంటి మోడెమ్ వాటిని గుర్తుపడుతుంది. కానీ 8 బిట్లనూ వాడుకోవడం సాధ్యపడదు. నిశ్శబ్దానికి దగ్గరగా ఉండే మట్టాలు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉండి, లైను మీది రొదలో వేరుచేయడానికి వీలుకాదు. పైగా అమెరికా ఎక్స్‌ఛేంజిలు అప్పుడప్పుడు చివరి బిట్‌ను తమ సంకేతాల కోసం తీసుకునేవి. అందువల్ల 7 బిట్లే నమ్మదగినవని తేల్చారు. 8,000ను 7తో గుణిస్తే 56,000.

ఈ పద్ధతికి ముందు, రెండు కొసల్లోనూ మామూలు టెలిఫోన్ లైనే ఉన్నప్పుడు, మోడెమ్‌లు 33.6 దగ్గర ఆగిపోయాయి. టెలిఫోన్ లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోస్తుంది, దాని రొద మోతాదును బట్టి అటూఇటూగా 35 కిలోబిట్లకు మించి పంపలేమని 1948లో క్లాడ్ షానన్ ఇచ్చిన సూత్రంతో లెక్క కట్టవచ్చు. రెండో కొసను డిజిటల్ చేసి ఆ అడ్డును దాటారు. 1998లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ దీన్ని వి.90 పేరుతో ప్రమాణంగా చేసింది. ఇంటి నుంచి బయటికి వెళ్లే దారిలో మాత్రం ఆ ప్రమాణం ప్రకారం వేగం 33.6 దగ్గరే ఉండిపోయింది. అంటే మీ మోడెమ్‌కు 56 అన్నది లోపలికి వచ్చే దారికి మాత్రమే చెల్లుతుంది, అదీ గరిష్ఠంగా.

మోడెమ్ కలిశాక కంప్యూటర్ తెర మీద 45,333 అనో 49,333 అనో విచిత్రమైన సంఖ్య కనిపించడం మీకు గుర్తుండే ఉంటుంది. వి.90 ఆరేసి కొలతలను ఒక కట్టగా తీసుకుంటుంది కనుక దాని వేగాలు 8,000లో ఆరో వంతు, అంటే 1,333.33 చొప్పున మెట్లుగా పెరుగుతాయి. 34 మెట్లు ఎక్కితే 45,333, 37 మెట్లు ఎక్కితే 49,333. మీ వీధిలోని రాగి తీగ ఎంత బాగుందో అన్ని మెట్లు.

ఇప్పుడు ఫైబర్ వైపు వద్దాం. మీరు బ్యాంకులో పనిచేశారు కనుక లెడ్జర్ పేజీని ఊహించుకోండి. ఎస్‌టీఎమ్-1లో ఒక పేజీకి 9 అడ్డ వరుసలు, ఒక్కో వరుసలో 270 గడులు ఉంటాయి. మొత్తం 2,430 గడులు, గడికి ఒక బైటు, అంటే 8 బిట్లు. ఇటువంటి పేజీలు సెకనుకు 8,000 వెళ్తాయి. 2,430ను 8తో, ఆపైన 8,000తో గుణించి చూడండి: సరిగ్గా 15,55,20,000. మోడెమ్ వైపు కనిపించిన ఆ 8,000 ఇక్కడ మళ్లీ కనిపించింది కదా. ఇది యాదృచ్ఛికం కాదు. ఒక ఫోన్ కాల్‌కు చెందిన ఒక కొలత ప్రతి పేజీలోనూ ఒక గడిలో కూర్చోవాలనే ఉద్దేశంతోనే పేజీల సంఖ్యను 8,000గా పెట్టారు. ఒక్కో పేజీ 125 మైక్రోసెకన్లలో వెళ్లిపోతుంది. కనుక ఈ పేజీలో ఒక గడి అంటే ఒక 64 కిలోబిట్ల దారి.

ఆ లెక్కన చూస్తే 2,430 గడులకు 2,430 కాల్స్ పట్టాలి. అన్నీ మనకు దొరకవు. ప్రతి వరుసలో మొదటి 9 గడులు, అంటే పేజీకి 81 గడులు, నెట్‌వర్క్ తన సొంత అవసరాలకు తీసుకుంటుంది. పేజీ ఎక్కడ మొదలైంది, దారిలో తప్పులు దొర్లాయా, లోపలి సరుకు ఏ గడి నుంచి మొదలవుతుంది అనేవి అక్కడ రాసుకుంటారు. మిగిలిన చోటులో కూడా కాల్స్‌ను విడివిడిగా పెట్టరు. మన దేశంలో ఎక్స్‌ఛేంజిల మధ్య కాల్స్ ఈ1 అనే కట్టలుగా ప్రయాణించేవి. ఒక ఈ1లో 32 దారులు ఉంటాయి, ఒకటి లయ కుదర్చడానికి, ఒకటి సంకేతాలకు పోగా 30 కాల్స్‌కు మిగులుతాయి. డయల్-అప్ సేవ ఇచ్చే సంస్థలు తీసుకున్నది కూడా ఇటువంటి 30 దారుల లైన్లనే. ఎస్‌టీఎమ్-1 పేజీలో ఒక్కో ఈ1కు 32 బదులు 36 గడులు కేటాయిస్తారు. వచ్చిన ఈ1 గడియారం కాస్త ముందు వెనుకగా నడిచినా సర్దుబాటు చేయడానికి ఆ అదనపు చోటు కావాలి. ఈ కట్టలను మొదట మూడేసి, వాటిని ఏడేసి, వాటిని మళ్లీ మూడు కలుపుతారు. 3, 7, 3 గుణిస్తే 63. ట్రాన్స్‌మిషన్‌లో పనిచేసిన ఎవరిని నిద్రలో లేపి అడిగినా “ఎస్‌టీఎమ్-1లో 63 ఈ1లు” అని చెబుతారు. 63ను 30తో గుణిస్తే మీ అమ్మాయి చెప్పిన 1890.

మీ మోడెమ్ పంపేది 56 కిలోబిట్లే అయినా, 45 కిలోబిట్లే అయినా, అది పట్టుకునే చోటు మాత్రం 64 కిలోబిట్ల గడి మొత్తం. లాకరులో ఒక్క గొలుసు పెట్టుకున్నవారికీ, లాకరు నిండా నగలు పెట్టుకున్నవారికీ అద్దె ఒకటే అయినట్లు, మిగిలిన చోటును పక్కవారికి ఇవ్వడం కుదరదు. 1890 మోడెమ్‌లు గరిష్ఠ వేగంతో నడిచినా అసలు సరుకు 105.84 మెగాబిట్లే అవుతుంది. 155.52లో ఇది సుమారు 68 శాతం.

నా అభిప్రాయం అడిగితే, ఈ వివాదంలో నేను మీ అమ్మాయి పక్షమే. ఫలానా పట్టణంలో ఇన్ని వేల మంది సాయంత్రం పూట డయల్ చేస్తారు, ఎన్ని ఎస్‌టీఎమ్-1లు కావాలి అని లెక్క వేయవలసిన ఇంజినీరు 2777ను నమ్ముకుంటే, ప్రతి ఎస్‌టీఎమ్-1 దగ్గరా 887 మందికి లైను దొరకదు.

ప్రశ్న: నేను అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సు చేస్తున్నాను. ఓసీ-3, ఎస్‌టీఎమ్-1 ఒకటే అయితే రెండు పేర్లు ఎందుకు? మాకిచ్చిన నోట్సులో మెగాబిట్లను బిట్లుగా మార్చడానికి 1024తో రెండు సార్లు గుణించారు, అది సరైనదేనా? బాడ్, బిట్ ఒకటేనా?
– విద్యార్థిని, అమీర్‌పేట

జవాబు: ముందుగా నోట్సు సంగతి, ఎందుకంటే అది తప్పు. ఇటువంటి నోట్సు నా చేతికి ఇదివరకు కూడా వచ్చింది. ఆ పొరపాటు ఒక బృందం నుంచి మరో బృందానికి నకలు అవుతూ ఉండటం బాధ కలిగిస్తుంది. కంప్యూటర్ మెమరీ రెండింతలు రెండింతలుగా పెరుగుతుంది కనుక అక్కడ 1024 వాడుకలోకి వచ్చింది. లైను మీద వేగాన్ని నిర్ణయించేది గడియారం, దాని కొలత హెర్ట్జ్‌లలో. అందువల్ల ట్రాన్స్‌మిషన్‌లో కిలో అంటే ఎప్పుడూ 1,000, మెగా అంటే 10 లక్షలు. మీ నోట్సు ప్రకారం 155.52ను 1024తో రెండు సార్లు గుణిస్తే 16,30,74,539.52 బిట్లు వస్తాయి. సెకనుకు ఇన్ని బిట్లు పంపే గడియారం ఏ ఎస్‌టీఎమ్-1లోనూ ఉండదు. అసలు విలువకు ఇది దాదాపు 5 శాతం ఎక్కువ, ఇంటర్వ్యూలో ఉద్యోగం పోవడానికి ఆ 5 శాతం చాలు.

ఓసీ అన్నది ఫైబర్ వేగాలకు అమెరికా పెట్టుకున్న పేరు. ఆ పద్ధతికి మూలం 51.84 మెగాబిట్ల ఓసీ-1. లెడ్జర్ పేజీ ఉపమానం పై జవాబులో ఇచ్చాను. ఓసీ-1లో ఆ పేజీ వెడల్పు 270కి బదులు 90 గడులే ఉంటుంది. 9 వరుసలు, వరుసకు 90 గడుల చొప్పున 810 బైట్లు, సెకనుకు 8,000 పేజీలు. ఇక ఓసీ పక్కన ఏ అంకె ఉంటే ఆ అంకెతో 51.84ను గుణించడమే. ఓసీ-3కి 155.52, ఓసీ-12కి 622.08, ఓసీ-48కి 2,488.32, ఓసీ-192కి 9,953.28, ఓసీ-768కి 39,813.12 మెగాబిట్లు. ఎస్‌టీఎమ్ అంకెను మూడుతో గుణిస్తే ఓసీ అంకె వస్తుంది, కనుక ఎస్‌టీఎమ్-16, ఓసీ-48 వేగం ఒకటే. ఇంటర్వ్యూలో మోడెమ్ లెక్క అడిగితే ఓసీ-1కు 28.8 కిలోబిట్లవి సరిగ్గా 1,800, 56 కిలోబిట్లవి 925.714285 అని చెప్పి, వెంటనే అది కేవలం వేగాల నిష్పత్తి అనీ, ఎక్కగల కాల్స్ సంఖ్య అంతకంటే తక్కువనీ ఒక మాట చేర్చండి. ఆ ఒక్క మాట మీరు విషయం తెలిసి మాట్లాడుతున్నారని చూపిస్తుంది.

రెండు పేర్లు ఎందుకంటే రెండు ఖండాల అవసరాలు వేరు. అమెరికాలో అప్పటికే 44.736 మెగాబిట్ల వ్యవస్థ స్థిరపడి ఉంది, దాన్ని హాయిగా మోయడానికి 51.84 సరిపోయింది. ఐరోపాలో పై మెట్టు 139.264 మెగాబిట్లు, దానికి 51.84 చాలదు, మూడింతలు కావాలి. 1988లో అంతర్జాతీయ ప్రమాణాలు వెలువడినప్పుడు 155.52 దగ్గర ఇద్దరికీ సంధి కుదిరింది. అమెరికా సోనెట్ అనే తన పద్ధతికి 51.84ను పునాదిగా ఉంచుకుంది, మిగతా ప్రపంచం ఎస్‌డీహెచ్ అనే పద్ధతికి 155.52ను పునాది చేసుకుంది. ఓసీ మెట్లు సోనెట్‌వి, ఎస్‌టీఎమ్ మెట్లు ఎస్‌డీహెచ్‌వి. మన దేశం ఈ రెండో దారిలో ఉంది.

ఈ పద్ధతి రాక ముందు గుణకారం ఇంత శుభ్రంగా ఉండేది కాదు. నాలుగు ఈ1లు (పై జవాబులో చెప్పిన 32 దారుల కట్టలు) కలిస్తే 8.192 మెగాబిట్లు కావాలి కదా, కానీ పాత వ్యవస్థలో ఆ మెట్టు 8.448. నాలుగు కట్టల గడియారాలు వేర్వేరుగా నడిచేవి కనుక వాటి తేడాను పూడ్చడానికి మధ్యలో ఉత్తుత్తి బిట్లు కూరేవారు. తర్వాత ఒక్క ఈ1ను బయటికి తీయాలంటే మొత్తం కట్టలన్నీ మెట్టు తర్వాత మెట్టు విప్పవలసి వచ్చేది. కట్టలు కట్టి విప్పే మల్టీప్లెక్సర్ రాక్‌లు ఒక గోడ నిండా ఉండి చేసే ఆ పనిని ఎస్‌డీహెచ్‌లో ఒక కార్డు చేయడం మొదటిసారి చూసినప్పుడు కలిగిన ఆనందం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆప్టికల్ వైపు ఇంకా కొత్త మెట్లలో మాత్రం ఆ శుభ్రత కొంత పోయింది. ఎస్‌టీఎమ్-16ను ఓటీయూ-1 అనే పెట్టెలో పెట్టినప్పుడు దాని వేగాన్ని 255తో గుణించి 238తో భాగిస్తారు, అందుకే అది సుమారు 2.666 గిగాబిట్లు అవుతుంది. దూర ప్రయాణంలో చెడిపోయిన బిట్లను అవతలి కొసలోనే సరిదిద్దుకోవడానికి వెంట పంపే అదనపు బిట్ల వల్ల వచ్చిన పెరుగుదలలో ఇది ప్రధాన భాగం.

బాడ్ అంటే సెకనుకు లైను మీద స్థితి ఎన్నిసార్లు మారుతుందన్నది. ఒక్క మార్పులో ఎన్ని బిట్లు దాచామన్నది వేరు సంగతి. 300 బిట్ల తొలినాటి మోడెమ్‌లో రెండూ ఒకటే. 2,400 బిట్ల వి.22బిస్ మోడెమ్‌లో 600 బాడ్, మార్పుకు 4 బిట్లు. 14.4 కిలోబిట్ల వి.32బిస్‌లో 2,400 బాడ్, మార్పుకు 6 బిట్లు. వి.90లో లోపలికి వచ్చే దారి 8,000 బాడ్. ఎస్‌డీహెచ్ ఫైబర్‌లో వెలుగు ఉందా లేదా అన్నదే సంకేతం కనుక అక్కడ రెండూ మళ్లీ ఒకటవుతాయి.

ప్రశ్న: మా ఇంటికి 200 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. ఇది ఎన్ని ఎస్‌టీఎమ్-1లతో, ఎన్ని పాత మోడెమ్‌లతో సమానం? అప్పట్లో నా కంప్యూటర్ 1,15,200 వేగంతో కలిసినట్లు చూపేది, మరి మోడెమ్ 56కె అనేవారు. ఏది నిజం?
– కూకట్‌పల్లి

జవాబు: 200ను 155.52తో భాగిస్తే 1.286, 56 కిలోబిట్లతో భాగిస్తే సుమారు 3,571. అయితే 200 అన్నది మీ చేతికి అందే వేగం, 155.52 అన్నది నెట్‌వర్క్ సొంత ఖర్చులతో కలిపిన స్థూల వేగం. పోల్చేటప్పుడు ఇది మనసులో ఉంచుకోండి.

ఇంతకంటే ఆసక్తికరమైన విషయం మీ గోడకు తగిలించిన పెట్టెలోనే ఉంది. ఇళ్లకు ఫైబర్ ఇచ్చే సంస్థలు విరివిగా వాడే పద్ధతి జీపాన్. అందులో ఎక్స్‌ఛేంజి నుంచి ఇంటి వైపు వచ్చే వేగం 2,488.32 మెగాబిట్లు, అంటే అచ్చంగా ఎస్‌టీఎమ్-16 అంకె. దాని ఫ్రేము కూడా 125 మైక్రోసెకన్లదే, ఒక్కో ఫ్రేములో 38,880 బైట్లు. గొంతును సెకనుకు 8,000 సార్లు కొలవాలని టెలిఫోన్‌వారు తీసుకున్న ఆ పాత నిర్ణయమే, ఇవాళ మీరు సినిమా చూస్తున్నప్పుడు కూడా మీ పెట్టెలో లయ వేస్తోంది. ఈ 2,488.32ను మీ వీధిలో 32 ఇళ్లు పంచుకుంటే, అందరూ ఒకేసారి పూర్తిగా లాగినప్పుడు ఇంటికి 77.76 మెగాబిట్లు, అంటే సరిగ్గా అర ఎస్‌టీఎమ్-1 వస్తుంది. అందరూ ఒకేసారి లాగరు కనుకనే 200 అని అమ్మగలుగుతున్నారు.

1,15,200 అన్నది లైను వేగం కాదు. అది కంప్యూటర్‌కూ బల్ల మీది మోడెమ్‌కూ మధ్య ఉన్న సీరియల్ కేబుల్ వేగం. మోడెమ్ డేటాను కుదించి పంపేది కనుక, విప్పిన డేటాను కంప్యూటర్‌కు అందించడానికి కేబుల్ వేగంగా ఉండాలి. డ్రైవరు సరిగా లేకపోతే తెర మీద కేబుల్ వేగమే కనిపించేది, దాంతో చాలామంది పొంగిపోయేవారు. అసలు వేగం తెలుసుకోవాలంటే గడియారం పెట్టి చూడటమే మార్గం. 4 మెగాబైట్ల పాట అంటే 3 కోట్ల 20 లక్షల బిట్లు. 45,333 వేగంతో దాదాపు 11 నిమిషాల 46 సెకన్లు పడుతుంది, ఈలోగా ఇంట్లో ఎవరైనా పక్క గదిలో రిసీవరు ఎత్తితే లైను తెగి మళ్లీ మొదటికి వచ్చేది. మీ 200 మెగాబిట్ల మీద అదే పాటకు సెకనులో ఆరో వంతు కూడా పట్టదు.

ప్రశ్న: నా దగ్గరా, నా మిత్రుడి దగ్గరా పాత మోడెమ్‌లు ఉన్నాయి. ఇద్దరికీ ఇప్పుడు ఫైబర్ కనెక్షనే. ఆ పెట్టెకు ఉన్న ఫోన్ సాకెట్‌లో మోడెమ్ పెట్టి ఒకరినొకరు డయల్ చేస్తే పనిచేస్తుందా?
– మెహదీపట్నం

జవాబు: చేయవచ్చు, కానీ 56 కిలోబిట్లు మాత్రం రావు. పైన చెప్పినట్లు ఆ వేగానికి ఒక కొస ఎక్స్‌ఛేంజికి డిజిటల్‌గా కలిసి ఉండాలి, మీకు రెండు కొసలూ ఫోన్ సాకెట్లే. కాబట్టి 33.6 మీ గరిష్ఠం, అదీ అనుమానమే. పెట్టెలోని ఫోన్ సాకెట్ మీ గొంతును 64 కిలోబిట్ల పద్ధతిలోనే అంకెలు చేసినా, సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా, ముక్కకు 160 బైట్ల చొప్పున ప్యాకెట్లు కట్టి పంపుతుంది. ఎస్‌డీహెచ్‌లో ప్రతి గడీ ఒకే గడియారానికి కట్టుబడి వస్తుంది. ఇక్కడ రెండు ఇళ్ల పెట్టెల గడియారాలు వేర్వేరు, ప్యాకెట్లు ముందు వెనుకగా వస్తాయి, ఒకటి పోతే ఆ ఖాళీని పెట్టె తనకు తోచిన శబ్దంతో నింపుతుంది. మనిషి చెవి దాన్ని పట్టించుకోదు, మోడెమ్ మాత్రం అక్కడే తడబడుతుంది. మీ సంస్థ గొంతును 8 కిలోబిట్లకు కుదించే పద్ధతి వాడుతుంటే అసలు కలవనే కలవదు, ఎందుకంటే ఆ కుదింపు మనిషి మాట కోసం చేసినది, మోడెమ్ కూతను ఉన్నదున్నట్లు మోయడం దానికి చేతకాదు.

ప్రయత్నించదలిస్తే మోడెమ్ గరిష్ఠ వేగాన్ని మొదట 2,400కు తగ్గించి మొదలుపెట్టండి. అది కలిసి అయిదు నిమిషాలు నిలిస్తే 9,600, ఆ తర్వాత 14,400. డయల్ చేసినప్పుడు స్పీకరు ఆన్‌లో ఉంచి వినండి. అవతలి మోడెమ్ ఎత్తగానే 2,100 హెర్ట్జ్ వద్ద నిలకడగా ఒక కూత వినిపించాలి. దారిలోని పరికరాలను ప్రతిధ్వని తొలగించడం ఆపమని కోరే సంకేతం అది. ఆ కూత గరగరమంటూ తెగితెగి వినిపిస్తే, వేగం తగ్గించి ప్రయోజనం లేదు. ముందు మీ ఫైబర్ సంస్థను అడిగి, ఫోన్ సాకెట్‌కు కుదింపు లేని 64 కిలోబిట్ల పద్ధతిని పెట్టించుకోండి.